ఊరంతా మునిగినప్పుడు ఇళ్లు ఆరబెట్టే పని: తిరుపతి, చిత్తూరు కాంట్రాక్టర్లకు సమగ్ర మార్గదర్శి

వరద నీళ్లు తోడి, ఇల్లు కడిగి, ఆరబెట్టి అప్పగించే పనిలోకి కొత్తగా దిగినవాళ్లు ఏటా వానల ముందు ఒకటే అడుగుతుంటారు: ఒక ఇల్లు మునిగితే చేయగలం, ఊరే మునిగితే ఎన్ని పంపులు పెట్టుకోవాలి?

పంపులతో లెక్క వేయకండి. మామూలు ఇంట్లో నీళ్లు తోడడం ఒక పూట పని. బురద ఎత్తి కడగడం ఒక రోజు పని. ఆరబెట్టే యంత్రాలు మాత్రం ఆ ఇంట్లోనే వారం, పది రోజులు కూర్చుంటాయి. అందుకే మీ దగ్గరున్న డీహ్యుమిడిఫయర్లు (గాలిలోని తేమను లాగే యంత్రాలు), ఫ్యాన్లు ఒకేసారి ఎన్ని ఇళ్లకు సరిపోతాయో అన్ని ఇళ్లే ఒప్పుకోవాలి. ఇది చూసుకోకుండా ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ‘వస్తాం’ అని చెప్పి, సగం ఆరిన ఇళ్లను వదిలి పరుగెత్తేవాళ్లు డిసెంబరంతా తిట్లు తింటారు.

కింది క్రమం ఇటుక గోడ, సిమెంటు పూత, టైల్స్ ఉన్న మన ఇళ్ల కోసం రాసింది. విదేశీ వీడియోల్లో గోడపలకలు కోసి బయట పడేస్తారు. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు.

1. సెప్టెంబరులోనే ముగించాల్సినవి

మనకు అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో. ఆ రోజుల్లో అద్దె పంపుల కోసం చెన్నైని నమ్ముకోవద్దు. మనల్ని ముంచే వాయుగుండం చాలాసార్లు చెన్నైనీ ముంచుతుంది. 2021 నవంబరులో తిరుపతి మునిగిన రోజుల్లోనే కడప, నెల్లూరు జిల్లాలూ మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, తిరుపతి జిల్లాలో సూళ్లూరుపేట, నాయుడుపేట వైపూ నష్టం చేసింది. అలాంటప్పుడు చెన్నై పంపులు చెన్నైకే చాలవు. బెంగళూరులో ఒకరిద్దరు అద్దెదారులతో ముందే మాట్లాడి, కొంత అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి. పలమనేరు దారి సాధారణంగా తెరిచే ఉంటుంది.

రేట్లను వాన రాకముందే కాగితం మీద అచ్చు వేయించండి. నీళ్లు తోడడానికి గంటకు ఇంత, బురద ఎత్తి కడగడానికి చదరపు అడుగుకు ఇంత, ఆరబెట్టే యంత్రానికి రోజుకు ఇంత. నీళ్లలో నిలబడి ఉన్న మనిషితో బేరం ఆడడం ఇద్దరికీ మర్యాద కాదు. వరద రోజు రేటు పెంచితే ఆ ఒక్కరోజు బాగుంటుంది. తర్వాత ఆ వీధిలో మిమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- రెండంగుళాల, మూడంగుళాల పెట్రోలు లేదా డీజిలు పంపులు, బురదనీళ్లు లాగేవి. పొడవాటి డెలివరీ పైపులు, నీళ్లు లాగే పైపు చివర పెట్టే జాలీ
- డీహ్యుమిడిఫయర్లు, నేల మీద పెట్టే గట్టి ఫ్యాన్లు, తడి పీల్చే వ్యాక్యూమ్
- పిన్నుల తేమ మీటరు, గది తేమ చూపే చిన్న హైగ్రోమీటరు
- కరెంటు లీకైతే వెంటనే లైను ఆపే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులు
- గమ్‌బూట్లు, మందపాటి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కులు
- పారలు, తట్టలు, వైపర్లు, గట్టి బ్రష్షులు, పాలిథిన్ షీట్లు
- కొత్త బ్లీచింగ్ పౌడరు, గాలి చొరబడని డబ్బాల్లో. మూత తీస్తే ఘాటు కొట్టకపోతే అందులో పస పోయినట్టే
- జట్టులో అందరికీ టీటీ ఇంజెక్షన్, వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో దెబ్బ తగిలితే పరిహారమిచ్చే బీమా)

ఎలుకల జ్వరం గురించి డాక్టరుతో ముందే మాట్లాడండి. వరద నీళ్లలో పనిచేసేవాళ్లకు ముందుజాగ్రత్త మాత్ర ఇవ్వాలో వద్దో ఆయనే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి మింగే వ్యవహారం కాదు.

2. ఫోన్ దగ్గర

‘అన్నా, హాల్లో మోకాలి లోతు నీళ్లుండాయి, మనుషుల్ని పంపన్నా’ అంటారు. వెంటనే అడ్రసు రాసుకోవద్దు. మొదట ‘మెయిన్ ఆపినారా అమ్మా?’ అని అడగండి. ఆపకపోతే, స్విచ్చు దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లొద్దని, 1912కు ఫోన్ చేసి లైను కట్ చేయించమని చెప్పండి. ఆ మాట అయ్యాకే మిగతావి.

ఫోన్ ఎత్తేవాళ్ల ముందు ఈ ప్రశ్నలు ఉండాలి:

- నీళ్లు ఇంకా ఉన్నాయా, తీసేశాయా? ఎన్నాళ్లు నిలిచాయి?
- పాదం లోతా, మోకాలా, నడుమా?
- డ్రైనేజీ నీళ్లు, సెప్టిక్ ట్యాంకు నీళ్లు కలిశాయా?
- సెల్లారు ఉందా? సంపు ఉందా?
- ఇంట్లో మంచాన పడ్డవాళ్లు, పసిపిల్లలు, బాలింతలు ఉన్నారా?
- పైఅంతస్తు ఉందా? అక్కడ కరెంటు ఉందా?
- బీమా ఉందా?

వీధిలో నీళ్లు ఇంకా తగ్గని ఇంటికి పోవద్దు. తోడిన నీళ్లు తలుపు కిందుగా మళ్లీ లోపలికే వస్తాయి. ‘వీధి తేలినాక ఫోన్ చేయండి, మీ పేరు వరుసలో ఉంది’ అని చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. ముందుగా ఒప్పుకోవాల్సింది నీళ్లు తీసేసి ఒకటి రెండు రోజులే అయిన ఇళ్లను. బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది కాబట్టి మన పని ఎక్కువగా అక్కరకొచ్చేది వాళ్లకే.

జట్లను ఊరంతా తిప్పకండి. తిరుపతిని రైలు కట్ట రెండుగా చీలుస్తుంది. గట్టి వాన పడితే వెస్ట్ చర్చి దగ్గరి అండర్‌బ్రిడ్జి నిండిపోతుంది. అక్కడ బండి దించే సాహసం ఎవరూ చేయకూడదు. కట్టకు అటొక జట్టు, ఇటొక జట్టు పెట్టి, వాళ్ల పంపులు, డీజిలు కూడా అటువైపే ఉంచండి. శ్రీనివాస సేతు ఫ్లైఓవరు వచ్చాక దాటడం సులువైందన్నది నిజమే. కానీ అందరూ అదే ఎక్కుతారు.

3. గడప దాటే ముందు

మెయిన్ ఆగినా ఇన్వర్టరు ఆగదు. దాని బ్యాటరీ వైర్లు ఊడదీసేదాకా ఇంట్లో కరెంటు ఉన్నట్టే. గ్యాసు వాసన వస్తే 1906కు చెప్పి బయటే నిలబడండి. బీరువా వెనక, చెప్పుల స్టాండు కింద, కుప్పపడిన బట్టల్లో పాములుంటాయి. ముందు పొడవాటి కర్రతో కదిపి చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

పెట్రోలు పంపు, జనరేటరు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి, కిటికీలకు, తలుపులకు కనీసం 20 అడుగుల దూరంలో. సెల్లారులోకి ఇంజను దించి నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చప్పుడు లేకుండా చంపుతుంది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. పైపు పొడవు చాలకపోతే పైపు కొనండి. ఇంజను మాత్రం కిందికి పోకూడదు.

సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దింపవద్దు. ఇంటివాళ్లు ఎంత బతిమాలినా సరే. అది ప్రాణం తీసే పని, మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం ప్రకారం నేరం కూడా. గొట్టం వేసి లాగే ట్యాంకరును పిలిపించండి.

4. కదిలించే ముందు ఫోటోలు

ఒక్క కుర్చీని కూడా పక్కకు జరపకముందే గదిగదికీ వీడియో తీయండి. గోడ మీద నీళ్ల గీత పక్కన టేపు పెట్టి, అంకె కనబడేలా ఫోటో తీయండి. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ల వెనక సీరియల్ నంబరు పట్టీ కూడా పడాలి.

ఇళ్లకు భారత్ గృహ రక్ష, 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న దుకాణాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష బీమా పాలసీల్లో వరద నష్టం కవర్ అవుతుంది. గృహ రక్షలో శిథిలాలు తీసిన ఖర్చుకు క్లెయిం మొత్తంలో 2 శాతం దాకా విడిగా ఇస్తారు. అందుకే బురద ఎత్తిన కూలీ, చెత్త తరలించిన ట్రాక్టరు బాడుగ బిల్లులో వేరే వరుసలో రాయండి. అన్నీ కలిపి ఒకే మొత్తం రాసిచ్చే బిల్లు ఇంటివాళ్లకు ఎందుకూ పనికిరాదు.

క్లెయిం వస్తుందని మీరు మాత్రం మాట ఇవ్వకండి. అది బీమా కంపెనీ పంపే సర్వేయరు తేల్చే విషయం. ఆయన వచ్చేదాకా ఏమీ కడగకుండా ఆగమని కంపెనీ అంటే, కుళ్లే వస్తువులనైనా ముందుగా తీయించుకోవడానికి రాతపూర్వకంగా అనుమతి అడగమనండి. వాట్సాప్ సందేశమైనా చాలు.

5. నీళ్లు తోడడం: సెల్లారు, సంపు విషయంలో తొందర వద్దు

ముందు పరిమాణం లెక్క. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న లాడ్జి సెల్లారులో 3 అడుగుల నీళ్లంటే 7,200 ఘనపుటడుగులు, అంటే సుమారు 2 లక్షల లీటర్లు. పంపు మీద రాసిన అంకెను నమ్మి సమయం చెప్పవద్దు. పైకెత్తే ఎత్తు, పైపు పొడవు, బురద కలిసి ఆ అంకెలో బాగా తినేస్తాయి. నిమిషానికి 600 లీటర్లు నిజంగా దిగితే పైనున్న సెల్లారుకు దగ్గరదగ్గర 6 గంటలు పడుతుంది. 300 దిగితే 11 గంటలు దాటుతుంది. పెద్ద డ్రమ్ము పెట్టి, గడియారం చూసి ఒకసారి కొలుచుకుంటే సరిపోతుంది.

తోడగలం కదా అని ఒక్కసారిగా తోడేయకూడదు. చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు బయటి నీళ్లు సెల్లారు గోడను లోపలికి నెడుతుంటాయి. లోపలి నీళ్లు ఆ నెట్టుడును కాస్త కాస్తున్నాయి. వాటిని గబుక్కున తీసేస్తే గోడ పగలొచ్చు, నేల ఉబ్బొచ్చు. అడుగు మేర తోడి ఆపి, గోడ మీద గీత గీసి రాత్రంతా వదలండి. తెల్లారి నీళ్లు గీత దాటి పెరిగితే బయటి నీటిమట్టం ఇంకా తగ్గలేదని అర్థం, అప్పుడు ఆగాలి. పెరగకపోతే ఇంకో రెండడుగులు తీసి మళ్లీ గీత పెట్టండి. పాత కట్టడమైతే ఇంజనీరును పిలిచి చూపించాకే మోటారు వేయండి.

సంపు సంగతి ఇంకా విచిత్రం. 2021 నవంబరు వానల తర్వాత తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒకావిడ ఇంటి సంపులోకి దిగి శుభ్రం చేస్తుంటే, సిమెంటు ఒరల తొట్టి మొత్తం నేలలోంచి పైకి లేచింది. ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు. వింత చూడ్డానికి జనం ఎగబడ్డారు గానీ, అందులో మాయేమీ లేదు. ఖాళీ బిందెను నీళ్లలో ముంచి వదిలితే ఎలా పైకి వస్తుందో, నానిన నేలలో ఖాళీ చేసిన తొట్టీ అలాగే వస్తుంది. వరద తీసిన వెంటనే ‘సంపు ఖాళీ చేసి కడగండి’ అని ఇంటివాళ్లు అడుగుతారు. ఒప్పుకోకండి. పక్కింటి బావిలోనో, దగ్గరి గుంటలోనో నీటిమట్టం దిగేదాకా సంపును నిండుగానే ఉంచి, ఆ నీళ్లు తాగడానికి, వంటకు వాడవద్దని మూత మీద రాసి పెట్టండి. అప్పటిదాకా ట్యాంకరు నీళ్లను నేరుగా మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించుకోవచ్చు. నీటిమట్టం తగ్గాక కూడా మనిషిని దించే ముందు మూత తీసి గాలి ఆడనివ్వాలి, పైన ఒకరు కాపలా ఉండాలి.

పైపు చివర ఎక్కడ వదులుతున్నారో చూసుకోండి. అది పల్లంవైపు ఉండాలి, పక్కింటి గేటు ముందు కాకూడదు. ఊరంతా మునిగినప్పుడు ఎక్కువ గొడవలు ఈ పైపు దగ్గరే మొదలవుతాయి.

6. బురద, కడుగుడు, మందు

ఈ మూడూ ఇదే వరుసలో జరగాలి.

ఒండుమట్టిని తడిగా ఉండగానే ఎత్తాలి. రెండు రోజులు ఎండితే గట్టిపడి పారకు లొంగదు, టైల్స్ సందుల్లో పట్టుకుంటుంది. ఎత్తాక సబ్బునీళ్లతో, బ్రష్షుతో పైనుంచి కిందికి కడగాలి. చివర్లోనే బ్లీచింగ్.

చాలామంది బురద మీదే బ్లీచింగ్ పౌడరు చల్లి, ఘాటు వాసన రాగానే పని అయిందనుకుంటారు. మట్టిలోని మురికే ఆ క్లోరిన్‌ను తినేస్తుంది. గోడకు, నేలకు అందేది ఏమీ ఉండదు.

కొలత: 33 శాతం క్లోరిన్ ఉన్న పౌడరు లీటరుకు 15 గ్రాములు, 20 లీటర్ల బక్కెట్టుకు 300 గ్రాములు. కలిపి తేర్చి, పైతేట వాడండి. పది నిమిషాలు తడిగా ఉంచి, ఇనుము, స్టీలు వస్తువులను మంచినీళ్లతో కడిగేయండి.

బాత్రూం యాసిడ్‌తో దీన్ని ఎప్పుడూ కలపవద్దు. విషవాయువు పుడుతుంది. హడావిడిలో ఇద్దరు పనివాళ్లు చెరొక డబ్బా పట్టుకుని ఒకే బాత్రూంలోకి పోవడం వల్లే ఇది జరుగుతుంది. అందుకే యాసిడ్ డబ్బాను అసలు బండిలోనే ఎక్కించవద్దు.

7. ఆరబెట్టడం

అసలు డబ్బు, పేరు ఇక్కడే వస్తాయి.

మొదట గోడను ఊపిరి తీసుకోనివ్వాలి. నీళ్ల గీతకు అడుగు పైదాకా ప్లాస్టిక్ పెయింటు, లప్పం గీకేయండి. అవి ఉంటే లోపలి నెమ్ము బయటికి రాదు. వేలి కణుపుతో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట పూత ఊడగొట్టాలి, గట్టిగా ఉన్నచోట ముట్టుకోవద్దు. గోడ అడుగున టైల్స్ పట్టీ ఉంటే తీసేయాలి. మాడ్యులర్ కిచెన్ కింది పలక ఊడదీస్తే దాని వెనక ఇంకా నీళ్లు నిలిచి కనబడతాయి. కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ మరిచిపోయే చోటు ఇదే. వారం తర్వాత వంటింట్లో వాసన వస్తోందని ఫోన్ వచ్చేదీ అక్కడి నుంచే. నేల టైల్ మీద కాలు వేసి నొక్కితే సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయంటే కింది ఇసుక ఇంకా తడిగా ఉన్నట్టు.

తర్వాత కిటికీల ప్రశ్న. ‘అన్నీ తెరిచి గాలి ఆడనివ్వండి’ అని పెద్దవాళ్లు చెప్పే మాట ఎండ కాసే రోజుకు సరైనదే. ముసురు పట్టిన నవంబరులో బయటి గాలి లోపలి కంటే తడిగా ఉంటుంది. అప్పుడు కిటికీలు తెరిస్తే గోడ ఆరడానికి బదులు ఇంకా తడుస్తుంది. హైగ్రోమీటరును ఇంట్లో ఒకసారి, వసారాలో ఒకసారి పెట్టి చూడండి. బయట తేమ ఎక్కువుంటే అన్నీ మూసి డీహ్యుమిడిఫయరు వేయండి. ఎండ వచ్చి గాలి పొడిగా ఉంటే యంత్రం ఆపి తలుపులు తెరవండి. కిటికీలు తెరిచి యంత్రం నడిపితే ఊళ్లో తేమంతా లాగుతూ కూర్చుంటుంది.

యంత్రాలు తక్కువుంటే ఇల్లంతా ఒకేసారి పట్టుకోవద్దు. పాలిథిన్ షీటుతో ఒక పడకగదిని వేరు చేసి ముందు దాన్ని ఆరబెట్టండి. ఇంటివాళ్లు రాత్రి పడుకోవడానికి ఒక పొడి గది దొరికితే మిగతా ఇంటికి ఓపిక పడతారు. గోడకు ఎత్తున ఉన్న ఏసీ మునగక, బయటి యూనిట్ కూడా బాగుందని మెకానిక్ చెబితే, వైరింగు పరీక్ష కూడా అయ్యాక డ్రై మోడ్‌లో వేసుకోవచ్చు.

ఫ్యాన్లను గోడకు ఎదురుగా కాకుండా గోడ వెంబడి గాలి జారేలా పెట్టండి. గోడ మీద అప్పటికే బూజు కనబడితే ఫ్యాను వేయకండి. తడిబట్టతో తుడిచి, మందు కొట్టి, ఆ తర్వాతే గాలి. లేదంటే ఒక గదిలోని బూజును నాలుగు గదులకు మీరే పంచినట్టు. హాలోజన్ లైట్లు, రూం హీటర్లతో గోడలు కాల్చేవాళ్లూ ఉన్నారు. పూత పగులుతుంది, తలుపులు మెలి తిరుగుతాయి.

రోజూ ఒకే వేళకు కొలవండి. ప్రతి గోడకు అర అడుగు, రెండడుగులు, నాలుగడుగుల ఎత్తున పెన్సిలు చుక్క పెట్టి అక్కడే మీటరు గుచ్చండి. ఈ మీటర్లు కర్ర కోసం తయారైనవి, సిమెంటు మీద అవి చూపే శాతం నిజమైన శాతం కాదు. అందుకే అదే ఇంట్లో తడవని గోడ, అంటే పైఅంతస్తు గోడో, ఏడడుగుల ఎత్తులోని చోటో కొలిచి దాంతో పోల్చాలి. అంకెలన్నీ తేదీతో కాగితం మీద రాసి తలుపుకు అంటించండి. ఇంటాయన రోజూ చదువుకుంటాడు, ‘ఇంకా ఎన్నాళ్లు సార్’ అనే ఫోన్లు సగం తగ్గుతాయి. మూడు రోజులు వరుసగా అంకెలు పొడి గోడకు దగ్గరగా నిలిస్తే యంత్రం తీయొచ్చు.

కరెంటు విషయంలో ఒక గట్టి నియమం: మునిగిన ఇంటి వైరింగులో మన యంత్రాలు పెట్టకూడదు. గోడలోని పైపుల్లో నీళ్లు నిలిచి ఉంటాయి. వైర్‌మన్ స్విచ్చు బాక్సులు విప్పి, వైర్లలో లీకేజీ చూపే మెగ్గర్‌తో పరీక్షించేదాకా, మునగని పైఅంతస్తు నుంచి కానీ జనరేటరు నుంచి కానీ ఆర్‌సీసీబీ ఉన్న బోర్డుతోనే తీసుకోవాలి.

8. సామాన్లు

- మునిగిన పరుపులు, దిండ్లు, ఉబ్బిన ఎండీఎఫ్ (చెక్కపొడి పలకలు), తడిసిన తిండి సరుకులు: పారేయడమే
- మంచి ప్లైవుడ్ బీరువాలు: వెనక పలక తీసి నీడలో ఆరబెట్టాలి. ఉబ్బిన సొరుగును బలంగా లాగితే ముందు పలక ఊడొస్తుంది, వెనక నుంచి నెట్టాలి
- ఫ్రిజ్, మోటార్లు, కారు: ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’ అనే మాటే రాకూడదు
- పట్టాలు, సర్టిఫికెట్లు: విడదీయకుండా కవర్లో పెట్టి, పనిచేస్తున్న డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది. తర్వాత నిదానంగా ఆరబెట్టుకోవచ్చు
- పూజగది: ఇంటివాళ్లే తీసుకోవాలి, మన చేతులు పడకూడదు
- బురదలో బంగారం, డబ్బు దొరికితే: అక్కడికక్కడే అందరి ముందు ఇచ్చి, పుస్తకంలో సంతకం తీసుకోవాలి

9. జట్టు, డబ్బు

మీ పనివాళ్ల ఇళ్లు కూడా చాలావరకు పల్లపు కాలనీల్లోనే ఉంటాయి. ముందు వాళ్ల ఇళ్లలో నీళ్లు ఎంతున్నాయో కనుక్కోండి. ఒక పూట అక్కడ పంపు వేస్తే మిగతా పది రోజులు వాళ్లు మనసు పెట్టి పనిచేస్తారు. కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వండి.

ఇంటివాళ్ల దగ్గర డబ్బు మూడు విడతలుగా తీసుకోండి: పని మొదలుకు, కడుగుడు అయ్యాక, ఆఖరి తేమ కొలత చూపించాక. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. ఒక్క వరద నెలలోనే ఆ గీత దాటే అవకాశం ఉంది కాబట్టి ఆడిటరుతో ముందే మాట్లాడుకోండి.

10. అప్పగింత

నవంబరులో మునిగిన ఇంటికి సంక్రాంతిలోగా రంగులు వేయాలని అందరికీ ఉంటుంది. యంత్రాలు తీసేనాటికి గోడ పైపొర ఆరుతుంది, ఇటుక లోపలి నెమ్ము పోవడానికి ఇంకా నెలలు పట్టొచ్చు. ఈలోగా లప్పం పెట్టి పెయింటు వేస్తే పొక్కులు లేస్తాయి, తెల్లగా ఉప్పు పొంగుతుంది. పండక్కి తప్పదంటే ఉత్త సున్నం వేయమనండి, అది గాలి ఆడనిస్తుంది.

పెయింటుకు గోడ సిద్ధమైందో లేదో ఇంటివాళ్లే చూసుకునే పద్ధతి నేర్పండి. అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదలాలి. లోపలివైపు చెమ్మ పడితే ఇంకా ఆగాలి.

అప్పగింత కాగితంలో ఇవి ఉండాలి:

- గదివారీగా మొదటి, చివరి తేమ కొలతలు, పొడి గోడ అంకె
- ఊడగొట్టిన పూత, తీసేసిన టైల్స్ వివరం. వాటిని మళ్లీ వేయడం బేల్దారి పని, మన ఒప్పందంలో లేదని ఒక వాక్యం
- వైర్‌మన్ పరీక్ష అయిందా లేదా, ఎవరు చేశారు
- సంపు ఎప్పుడు కడగాలి
- నెల తర్వాత ఒకసారి ఉచితంగా వచ్చి కొలుస్తామని, ఆ తేదీ
- ఇద్దరి సంతకాలు, చెరొక కాపీ